కట్టినవాడి బరువు

1. జూన్ 2, సోమవారం. పల్లపు డిపో

కనమ దారుల సభ వారికి, మాలకొండయ్య రాస్తున్నది.

పదకొండేళ్ళ కింద మీ రిజిస్టర్లో నా గురించి రెండు మాటలు రాశారు. "కట్టు వదిలింది" అని. నేను కట్టిన కట్టు వదలదు. ఆ రోజే చెప్పాను. మీ వాళ్ళు నలుగురు వచ్చి, లోయలో తెగిపడిన పట్టీలు చూసి, ఆ రెండు మాటలూ రాసి, టీ తాగి పోయారు. తెగడం వేరు, వదలడం వేరు. ట్రైలర్ పల్టీలు కొట్టి రాళ్ళమీద పడితే ఏ పట్టీ అయినా తెగుతుంది. తెగిన ముక్కకు నా ముడి అట్లాగే ఉంది. దాన్ని మీ వాళ్ళ ముక్కు కింద పెట్టి చూపించాను. ఒకాయన చెయ్యి తుడుచుకున్నాడు.

ఆ ట్రైలర్ నడిపింది నా చెల్లెలి మొగుడు తిరుపాలు. ఎర్రకనమ జంట మలుపులో పోయాడు. మా చెల్లెలు అంకమ్మ ఆనాటి నుంచి నా ఇంట్లో మంచినీళ్ళు ముట్టలేదు. నేను ముప్పై ఏళ్ళు బండ్లు కట్టినవాణ్ణి. ఆ తర్వాత పదకొండేళ్ళు ట్రైలర్లు ఊడ్చాను.

ఇవాళ పొద్దున డిపో పెద్ద జిలానీ నా దగ్గరికి వచ్చాడు. నన్ను తీసేశాక పెట్టిన, చక్రాలను పట్టి ఉంచే ఇనుప పట్లను ఉప్పుగాలి తినేసిందట, ఒక్కటీ పనికిరాదట. ఈ నెల ఇరవై నాలుగున అమావాస్య పోటుకు సముద్రం మన గోడ దాటుతుంది. ఈలోపు డెబ్బై మోటార్ సైకిళ్ళు, పది ట్రైకులు పైన మెట్ట డిపోకు చేరాలి. పట్టీలతో కట్టడం తెలిసినవాడు ఇక్కడ నేనొక్కణ్ణే మిగిలాను.

"చేతులు ఇంకా పనిచేస్తన్నాయా మాలకొండయ్యన్నా?" అన్నాడు.

"నీ నోరు పనిచేస్తంది గదా, అట్టాగే ఇయ్యీ."

కట్టేవాడు రోజూ ఏం చేశాడో పుస్తకంలో రాయాలని మీ కొత్త రూలట. నేను చదివింది మూడో తరగతి. తప్పులుంటే మీరే దిద్దుకోండి. నేను కట్టినదాన్ని మాత్రం దిద్దకండి.

2. జూన్ 4, బుధవారం

మొదటి ట్రైలర్ ఎక్కించాను. పద్నాలుగు మోటార్ సైకిళ్ళు, రెండు ట్రైకులు.

ముందు ట్రైకులు. అవి బరువు, ఇరుసుకు ముందే ఉండాలి. తోక బరువైతే ట్రైలర్ పాములా కొట్టుకుంటుంది. తర్వాత వాలు చెక్కమీదుగా మోటార్ సైకిళ్ళు, అటు ఏడు, ఇటు ఏడు. ప్రతిదాని మీదా నేను కూర్చుంటాను. నా బరువుకు స్ప్రింగు మూడు వేళ్ళు దిగుతుంది. దిగినచోటే పట్టీ బిగిస్తాను. అప్పుడు దారిలో గుంత వచ్చినా స్ప్రింగు ఎగరదు, పట్టీ సడలదు. మా మేస్త్రి నేర్పిన పద్ధతి ఇది. పెట్రోలు బండ్ల కాలం నుంచీ ఇంతే.

ఈ బండ్లకు పెట్రోలు లేదు. సీటు కింద గుమ్మడికాయంత గుండు ఉంటుంది. అది తిరుగుతుంటే బండి తనంతట తానే నిలబడుతుంది. మనిషి ఎక్కితే గుండు లేచి తిరుగుతుంది, దిగితే పడుకుంటుంది. నేను వీటిని ఒక్కసారి కూడా నడపలేదు. తనంతట తాను నిలబడేదాన్ని నడపడం నాకు నామోషీ. వీటి గుండులోకి ఉప్పు పోతే బండి చస్తుంది, అందుకే ముప్పై మైళ్ళ ఉప్పు నేల దాటించడానికి మూసిన ట్రైలర్ కావాలి. పైన జనం వీటి కోసం చూస్తున్నారు. ఇప్పుడు నీళ్ళు నెత్తిన మోస్తున్నారు.

ట్రైలర్ నడిపేది చెంచమ్మ, తిరుపాలు కూతురు. ముప్పై ఏళ్ళుంటాయి. నాకు మేనకోడలు. పదకొండేళ్ళుగా నన్ను మావా అనలేదు, పెద్దాయనా అంటుంది. ఇవాళ ప్రతి పట్టీనీ లాగి చూసింది.

"మా నాయన బండి కూడా ఇంత బిగువుగానే కట్టుంటావు," అంది.

ఇంతకంటే బిగువుగానే కట్టానన్నాను. ఆమె తలుపు మూసి సీలు వేయించుకుంది.

3. జూన్ 7, శనివారం

చెంచమ్మ ఖాళీ ట్రైలర్‌తో తిరిగొచ్చింది. బండ్లన్నీ క్షేమం. పట్టీ ఒక్కటీ సడలలేదు. ఆ మాట జిలానీ నలుగురిలో చెప్పాడు. నలుగురూ విన్నారో లేదో చూసుకున్నాను.

చెంచమ్మ మొహం మాత్రం బాగాలేదు. కనమలో ట్రైలర్ తన మాట వినలేదట. మొదటి మలుపులో వెన్నలాగా తిరిగిందట, ఇనుప పట్లు ఉన్నప్పుడు కూడా అంత సుఖంగా తిరగలేదట. వెంటనే రెండో మలుపు వచ్చేసరికి వెనక నుంచి ఎవరో పక్కకు గుంజినట్టయిందట.

సుఖంగా తిరిగిందంటే నా కట్టు మంచిదన్నాను. గుంజిందంటే నీ స్టీరింగు చెడ్డదన్నాను.

"నీ నోటికి మాత్రం ఎవురూ పట్టీ కట్టలేదు పెద్దాయనా," అంది.

ఇంకో మాట కూడా చెప్పింది. ట్రైలర్ గోడకు చెవి ఆనిస్తే లోపల తేనెటీగల రొద వినపడిందట. జిలానీ అది బ్యాటరీల చప్పుడన్నాడు. నాకు సన్న చప్పుళ్ళు వినపడటం మానేసి చాలా ఏళ్ళయింది. అందుకని నేను రొదా లేదు, గిదా లేదు అన్నాను.

4. జూన్ 9, సోమవారం

రెండో ట్రైలర్. గుంజుడు ఎందుకొచ్చిందో రాత్రంతా ఆలోచించాను. బండ్లు లోపల కదులుతున్నాయి, కదిలేది ఎక్కడో బిగువు చాలకే అని తేల్చాను. ఈసారి స్ప్రింగు నాలుగు వేళ్ళు దిగేదాకా నొక్కి కట్టాను. పట్టీని వేలితో మీటితే తీగలా మోగింది.

5. జూన్ 12, గురువారం

చెంచమ్మ తిరిగొచ్చింది. గుంజుడు తగ్గలేదు, ఎక్కువైంది.

నాకేమీ అర్థం కాలేదు. పట్టీలు వదల్లేదు. బండ్లు ఉన్నచోటే ఉన్నాయి. అయినా గోడకు రెండు పక్కలా, నడుమెత్తున, ఒకే వరసలో కొత్త గీతలు ఉన్నాయి. ఏడు హ్యాండిళ్ళు ఒకేసారి రాసినట్టు. కట్టిన బండి గోడ దాకా ఎట్లా పోతుంది? పోయి మళ్ళీ తన చోటికి ఎట్లా వస్తుంది? ఇంకో వింత, ట్రైకుల పక్కన గోడ నున్నగా ఉంది. ట్రైకులకూ అదే పట్టీ, అదే చెయ్యి.

పట్టీలు నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టి చూశాను. సాగలేదు. ముడి విప్పి చూశాను. మార్చడానికేమీ లేదు. ట్రైలర్ ఇరుసు చూడమని మెకానిక్కును అడిగితే ఇరుసు నీకంటే గట్టిగా ఉందన్నాడు.

6. జూన్ 14, శనివారం

మూడో ట్రైలర్ నిన్న పోయి ఇవాళ వచ్చింది. జరిగింది దాచకుండా రాస్తున్నాను.

నిన్న కట్టేటప్పుడు నా బరువు చాలదనిపించి జిలానీని కూడా నా వెనక కూర్చోమన్నాను. జిలానీ లావాటి మనిషి. ఇద్దరి బరువుకు స్ప్రింగు అట్టడుక్కు పోయింది. అక్కడ కట్టాను. పద్నాలుగు బండ్లకూ అట్లాగే. పెళ్ళైన ముప్పై ఏళ్ళలో తన భార్యను కూడా ఇన్నిసార్లు బండెక్కించలేదని జిలానీ నవ్వాడు.

జంట మలుపులో ట్రైలర్ కుడి చక్రాలు నేల వదిలాయి. చెంచమ్మ అద్దంలో చూసింది. చక్రాల కింద వెలుతురు కనపడిందట. స్టీరింగు వదలకుండా, బ్రేకు తొక్కకుండా, వాళ్ళ నాయన నేర్పినట్టు వేగం కొంచెం పెంచితే మళ్ళీ కిందపడ్డాయట.

డిపోకు వచ్చాక చెంచమ్మ అరవలేదు, తిట్టలేదు. పట్టీల కుప్ప పక్కన కూర్చుని అడిగింది.

"నిజం చెప్పు. మా నాయన బండి ఇట్టాగే ఎగిరిందా?"

నాకు తెలియదన్నాను. పదకొండేళ్ళలో నేను ఆ మాట అనడం ఇదే మొదలు.

7. జూన్ 17, మంగళవారం. ఎర్రకనమ పైన

నాలుగో ట్రైలర్లో నేను కూడా పోయాను. లోపల. మనిషి లోపల ఉండకూడదని రూలుంది, నాకు తెలుసు. కనమ కింద సీళ్ళు చూసే చోట చెంచమ్మ తలుపు తెరిస్తే ఎక్కాను. లోపల ఏం జరుగుతుందో కట్టినవాడు చూడకపోతే ఎవడు చూస్తాడన్నాను.

"నువ్వు సస్తే ఆ మాట నా పేరు మీద ఎక్కుద్ది," అంది. అయినా తలుపు వేసింది.

ముందున్న ట్రైకు మీద వెనక్కి తిరిగి కూర్చున్నాను. చేతిలో బ్యాటరీ దీపం. ఉడుకు. ఉప్పు వాసన. ఎదురుగా రెండు వరసల్లో పద్నాలుగు మోటార్ సైకిళ్ళు, ఈసారి కూడా జిలానీతో కలిసి అడుగుదాకా నొక్కి కట్టినవే. ఒకదాని సీటు మీద చెయ్యి పెట్టాను. వణుకుతోంది. పక్కదానిమీద పెట్టాను. అదీ వణుకుతోంది.

జంట మలుపులో మొదటిది ఎడమకు. ట్రైలర్ తిరగ్గానే పద్నాలుగు బండ్లూ ఒక్కసారిగా ఎడమకు వంగాయి. ఎవరూ తొయ్యలేదు. పట్టీలు కీచుమన్నాయి. పద్నాలుగు మంది మనుషులు వాటిమీద కూర్చుని మలుపు తిరుగుతున్నట్టే ఉంది. మనుషులు మాత్రం లేరు. ట్రైకులకు వంగడం తెలియదు, నా కింద ఉన్నది కదల్లేదు.

వెంటనే రెండో మలుపు, కుడికి. ట్రైలర్ కుడికి తిరిగింది. బండ్లు ఇంకా ఎడమకే వంగి ఉన్నాయి. రెప్పపాటు ఆలస్యం, అంతే. ఆ రెప్పపాటులో ట్రైలర్ బరువూ ఎడమకు పోయింది, బండ్ల బరువూ ఎడమకు పోయింది. ట్రైలర్ కుడి పక్క నేల లేచింది. లేచి, అట్లా ఉండి, బండ్లన్నీ దబ్బున కుడికి వాలగానే కిందపడింది. చెంచమ్మ చాలా మెల్లగా నడుపుతోంది కాబట్టి ఇది రాస్తున్నాను.

నేను దయ్యాలను నమ్మను. కానీ నేల లేచినప్పుడు తిరుపాలు పేరు నా నోటికి వచ్చింది.

పైన తలుపు తెరిచి ఏమైందని ఆమె అడిగింది. దిగి, వెనక చివర ఉన్న బండి పట్టీ వదులు చేశాను. స్ప్రింగు పైకి లేచింది. వణుకు ఆగిపోయింది. మళ్ళీ ఎక్కి కూర్చున్నాను. వణికింది. దిగాను. ఆగింది. ఎక్కి, నొక్కి, కట్టి, దిగాను. ఆగలేదు.

"బండి మీద మనిషున్నట్టు దానికి ఎట్టా తెలుసుద్ది?" అని అడిగాను.

"స్ప్రింగు దిగితే తెలుసుద్ది మావా. చిన్నపిల్లోళ్ళకి కూడా తెలుసు గదా అది. నువ్వెప్పుడూ నడపలేదా?"

మావా అంది. అన్నట్టు ఆమె చూసుకోలేదు, నేను విన్నాను.

నడపలేదన్నాను. నేను దిగినా నా బరువు దిగలేదు. బండి బండికీ నన్ను కట్టేసి పంపాను. తర్వాత జిలానీని కూడా కట్టాను. ఎంత నొక్కితే అంత పెద్ద మనిషి ఉన్నాడని అవి అంతగా వంగాయి. పెట్రోలు బండ్లకు ఈ తెలివి లేదు, అందుకే ముప్పై ఏళ్ళు ఏమీ కాలేదు. ఈ గుండు బండ్లు మొదటిసారి వచ్చినప్పుడు, మొదటి ట్రైలర్ కట్టింది నేను. నడిపింది తిరుపాలు.

చెంచమ్మకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. వాలు చెక్క మీద కూర్చుంది.

"అయితే కట్టు వదల్లేదు," అంది.

"వదల్లేదు."

"వదిలుంటే?"

"గుండ్లు పడుకునేయి. మీ నాయన బతికేవాడు."

8. జూన్ 18, బుధవారం

ఖాళీ ట్రైలర్‌తో కిందికి వచ్చాం. ఉప్పు అద్దానికి కొట్టుకుంటుంటే ఆమె తుడుస్తూ వచ్చింది.

నాకు ఒక ఆలోచన వచ్చింది, అది కూడా రాస్తాను. గుండ్లలో తప్పుందని మీకు రాయవచ్చు. అది అబద్ధం కాదు. ఎవరూ లేకుండా వంగింది అవే. నా చెయ్యి మాట ఎత్తకుండా, ఆ రెండు మాటలు కొట్టేయించుకోవచ్చు. పదకొండేళ్ళుగా నాకు కావలసింది అదే. అంకమ్మ నా ఇంటికి వస్తుంది. నేను మళ్ళీ కట్టేవాణ్ణవుతాను.

డిపో గోడ కనపడ్డాక ఆ మాట చెంచమ్మతో అన్నాను.

"రాసేది నువ్వు, నడిపేది నేను," అంది. "ఆఖరి బండి ఎట్టా కడతావో చెప్పు. తక్కింది నీ ఇష్టం."

9. జూన్ 21, శనివారం. మెట్ట డిపో

ఆఖరి ట్రైలర్.

ఎవరినీ కూర్చోనివ్వలేదు, నేనూ కూర్చోలేదు. చక్రాలకు మాత్రమే పట్టీ వేశాను, ముందూ వెనకా అడ్డుచెక్కలు కొట్టాను. స్ప్రింగులు వాటి ఇష్టానికి వదిలేశాను. పదకొండేళ్ళ కింద నా దగ్గర పనిచేసేవాడు ఇట్లా కడితే వాడి చెయ్యి విరిచేవాణ్ణి.

జిలానీ వచ్చి ఒక బండిని ఊపి చూశాడు. అది ఊగింది.

"ఇదేందన్నా, చీరలు ఆరేసినట్టు కట్టావు?"

ఎందుకో చెప్పాను. అందరి ముందూ చెప్పాను. జిలానీ తను కూర్చున్న బండ్లన్నీ గుర్తు చేసుకున్నట్టున్నాడు, మొహం తెల్లబడింది. తర్వాత ఎవరూ నవ్వలేదు.

నేను చెంచమ్మ పక్కన ముందు సీట్లో కూర్చున్నాను. బయలుదేరే ముందు ఇద్దరం ట్రైలర్ గోడకు చెవి పెట్టాం. ఆమెకు ఏ రొదా వినపడలేదట. నాకు ఎట్లాగూ వినపడదు. ఆమె మాట నమ్మాను.

జంట మలుపులో మొదటిది వెన్నలాగా తిరగలేదు. గట్టిగా, బద్ధకంగా తిరిగింది. రెండోది కూడా అంతే. ఆమె అద్దంలో చక్రాలు చూస్తోంది, నేను ఆమె మొహం చూస్తున్నాను. నేల లేవలేదు. మలుపు దాటాక ఆమె బండి ఆపి, దిగి, లోయ వైపు కాసేపు నిలబడి వచ్చింది. నేను దిగలేదు. దిగే మొహం నాకు లేదు.

పైన తలుపు తెరిస్తే రెండు మోటార్ సైకిళ్ళు పక్కకు పడి ఉన్నాయి. ఒకదాని హ్యాండిలు వంగింది, ఒకదాని లైటు పగిలింది. నేను కట్టిన బండి లోపల పడటం నా బతుకులో ఇదే మొదలు. దాన్ని చూసి సిగ్గుపడాలో, గాలి పీల్చుకోవాలో తెలియక అక్కడే నిలబడ్డాను. చెంచమ్మ ఆ వంగిన హ్యాండిలు పట్టుకుని బండి లేపింది. "పట్టు మావా," అంది. పట్టాను.

10. జూన్ 23, సోమవారం. మెట్ట డిపో, రేకుల లైను

అంకమ్మ దగ్గరికి పోయాను. వాకిట్లో బిందెలు కడుగుతోంది. రమ్మనలేదు, పొమ్మనలేదు. నేను గడప బయటే నిలబడి అంతా చెప్పాను. కట్టు వదల్లేదని ముందు చెప్పాను. అక్కడ ఆగిపోదామనిపించింది. ఆగలేదు. కూర్చుని నొక్కింది నేనని, ఆ బండ్లు నడపడం నాకు నామోషీ అయిందని, నడిపి ఉంటే ఒక్క రోజులో తెలిసేదని చెప్పాను.

ఆమె బిందె బోర్లించి దానిమీద చెయ్యి పెట్టింది.

"పదకొండేళ్ళు కట్టు సరిగ్గా కట్టలేదని తిట్టుకున్నా నిన్ను," అంది. "ఇప్పుడేమని తిట్టాలన్నా?"

మంచినీళ్ళు అడుగుదామనుకుని అడగలేదు.

సభ వారూ, ఇది ఆఖరి పేజీ. నాకు సగం తెలిసింది, సగం తెలియలేదు. నేను చెప్పింది నిజమైంది, మీరు రాసింది అబద్ధమైంది. అయినా మనిషి పోయింది నా చేతివల్లే. ఇందులో నేను గెలిచానో ఓడానో లెక్క తేలడం లేదు. తేల్చమని మిమ్మల్ని అడగను, అది మీవల్ల కాదు. అడిగేది ఒక్కటే.

"కట్టు వదిలింది" అన్న మాట కొట్టెయ్యండి. దాని కింద ఇట్లా రాయండి: కట్టు వదల్లేదు. మాలకొండయ్య బండ్లమీద కూర్చుని, స్ప్రింగులు నొక్కి కట్టాడు. మనుషులున్నారనుకుని బండ్లు మలుపులో వంగాయి. తిరుపాలు తప్పు లేదు. ఈ మాటలే రాయండి, మెత్తబరచవద్దు.

రాసి, తీరం పొడుగునా ఉన్న మిగతా ఆరు డిపోలకూ పంపండి. అక్కడ కూడా ఇనుప పట్లు పాడయ్యాయని, నాలాంటి ముసలివాళ్ళను వెతికి పిలుస్తున్నారని జిలానీ చెప్పాడు. వాళ్ళందరికీ కూర్చుని కట్టడమే తెలుసు. వాళ్ళూ ఈ బండ్లు నడిపి ఉండరు. వాళ్ళ గోడలు మనదానికంటే ఎత్తు, అందుకని మొదటి ట్రైలర్లు జులై ఒకటిన కదులుతాయట.

కాబట్టి నాకు జవాబు జూన్ 30, సోమవారం పొద్దుగూకేలోపు కావాలి. ఆ రోజుకు రాకపోతే చెంచమ్మ బండి తీస్తుంది, నేను పక్కన కూర్చుంటాను, ఆరు డిపోలకూ మేమే పోయి చెబుతాం. మీ రిజిస్టర్లో మాత్రం రాయవలసింది మీరే. మా చెల్లెలు నన్ను ఏమని తిట్టాలో అందులో చూసుకుంటుంది.

మాలకొండయ్య
కట్టినవాడు